తాత ఎడ్లబండి, మన కారు: దూరం, వేగం, కాలం లెక్కలు పిల్లలకు ఎలా నేర్పాలి?

"కూడికలు, భాగాహారాలు బాగానే చేస్తాడండీ. పద సమస్య ఇస్తే మాత్రం బిక్కమొహం వేస్తాడు. ఏం చేయమంటారు?" ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు, కొత్తగా చేరిన లెక్కల టీచర్లు నన్ను అడిగేది ఎక్కువగా ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్లో విడమరిచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను.

ఈ పిల్లలు సమస్యను చదవరు. అందులోంచి అంకెలు ఏరుకుంటారు. రెండంకెలు దొరికాయా, గుణించాలా భాగించాలా అని టీచర్ మొహం వైపు చూస్తారు. ఒకసారి ఏడో తరగతిలో బోర్డు మీద రాశాను: "హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్లు. ఎడ్లబండి రోజుకు 25 కిలోమీటర్లు నడుస్తుంది. ఎన్ని రోజులు పడుతుంది?" రెండో బెంచీ అబ్బాయి టక్కున లేచి 6,750 అన్నాడు. గుణకారంలో తప్పు లేదు. "అంటే పద్దెనిమిదిన్నర ఏళ్లురా" అన్నాను. వెనక నుంచి ఒకడు, "దారిలోనే ఎడ్లు ముసలివైపోతాయి సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది, జవాబు చెప్పినవాడు కూడా నవ్వాడు. నవ్వుకుంటూనే కొట్టేసి భాగించాడు. నేను ఏ సూత్రమూ చెప్పలేదు.

అప్పటినుంచి వేగం, దూరం, కాలం లెక్కలన్నీ ఒకే దారి మీద, అప్పటి ప్రయాణం పక్కన ఇప్పటి ప్రయాణం పెట్టి చెబుతున్నాను. కథ తెలిసిన లెక్కలో తప్పు జవాబు వస్తే పిల్లలకే ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. మనకు కావలసింది అదే.

ఏమేం కావాలి

మీ పిల్లలకు తెలిసిన ఒక రోడ్డు. దాని మ్యాపు, కాగితం మీదైనా ఫోన్లోనైనా. ఎడ్లబండి మీదో, పాత బస్సులోనో, కాలినడకనో తిరిగిన పెద్దమనిషి ఒకరు. గ్రాఫు కాగితం, స్కేలు, ఒక మూర దారం, పెన్ను. పెన్నే ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను. బడిలో అయితే ఐదారు పీరియడ్లు, ఇంట్లో అయితే రెండు ఆదివారాలు. క్యాలిక్యులేటర్ చివరి దాకా సంచిలోనే ఉండాలి.

1. ఒక్క దారి ఎంచుకోండి, దాన్నే పట్టుకోండి

నేను వాడేది హైదరాబాద్–విజయవాడ రోడ్డు. ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి, ఒకప్పుడు 9. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ ఈ వరుసలో వస్తాయి. సూర్యాపేట దాదాపు సగం దారి. మొత్తం దూరం సుమారు 270 కిలోమీటర్లు అనుకుందాం. నగరంలో ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారన్న దాన్ని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. ఆ మాట దాచకండి. "హయత్‌నగర్ నుంచా, గౌలిగూడ నుంచా?" అని పిల్లవాడు అడిగితే వాడు సమస్యను చదువుతున్నట్టే.

జాగ్రత్త: రోజుకో కొత్త దారి వద్దు. నాలుగు లెక్కలూ ఒకే దారి మీద నడిస్తే పిల్లల బుర్రలో ఒక బొమ్మ స్థిరపడుతుంది. మీ ఊరి నుంచి మండల కేంద్రానికి పోయే పన్నెండు కిలోమీటర్ల రోడ్డయినా సరిపోతుంది.

2. పెద్దవాళ్ల దగ్గరికి పంపండి, సరైన ప్రశ్నలతో

"ఎడ్లబండి ఎంత వేగంగా పోయేది తాతా?" అని అడిగితే "బాగానే పోయేదిరా" అనే జవాబు వస్తుంది. ఎవరూ వేగాన్ని గుర్తుపెట్టుకోరు. బయల్దేరిన పొద్దూ చేరిన పొద్దూ గుర్తుంటాయి. అందుకే ఈ మూడే అడగమనండి: ఎప్పుడు బండి కట్టారు? ఎక్కడెక్కడ కాడి దించారు? ఎప్పుడు చేరారు?

జవాబులు గడియారం భాషలో రావు. "తొలికోడి కూసినప్పుడు", "బారెడు పొద్దెక్కాక", "దీపాలు పెట్టే వేళకు" అంటారు. వాటిని గంటల్లోకి మార్చే పని పిల్లలదే. జాము అంటే మూడు గంటలు, గడియ అంటే 24 నిమిషాలు, రెండున్నర గడియలైతే గంట అని మీరు చెప్పండి చాలు. బారెడు పొద్దు అంటే ఎన్ని గంటలో వాళ్లే కొట్లాడుకుని తేలుస్తారు. ఒకడు ఏడున్నర అంటాడు, ఇంకొకడు ఎనిమిదిన్నర అంటాడు. రెండింటితోనూ లెక్క చేయించి జవాబు ఎంత మారిందో చూపించండి.

3. కొలతలన్నీ ఒకే జాతికి తెండి

ఇక్కడే సగంమంది జారిపడతారు. పాత దూరాలు క్రోసుల్లో, ఆమడల్లో, మైళ్లలో వస్తాయి. క్రోసు దాదాపు రెండు మైళ్లు. ఆమడ ఎనిమిది మైళ్లని కొన్నిచోట్ల, పది అని కొన్నిచోట్ల. మైలు 1.6 కిలోమీటర్లు. రోడ్డు మీద మైళ్లు పోయాయి గానీ "మైలురాయి", "ఆమడ దూరం" అనే మాటలు నోట్లో ఉండిపోయాయి, కాబట్టి పిల్లలకు పూర్తిగా కొత్తవి కావు.

చేయించాల్సింది: 270 కిలోమీటర్లను ఆమడల్లోకి మార్చమనండి. 270 కిలోమీటర్లంటే 168 మైళ్లు. ఎనిమిదితో భాగిస్తే 21 ఆమడలు, పదితో భాగిస్తే 17కి కాస్త తక్కువ. రోజుకు రెండామడలు నడిచేవాళ్లమని పెద్దాయన అంటే, ఎనిమిది మైళ్ల ఆమడ లెక్కన 16 మైళ్లు, దాదాపు 25 కిలోమీటర్లు. మన ఎడ్లబండి 25 అక్కణ్నించే వచ్చింది. పుస్తకంలో ఇచ్చిన అంకె నమ్మడం వేరు, నాయనమ్మ మాట నుంచి తామే తీసిన అంకె నమ్మడం వేరు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలకు చెప్పుకునేవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. అక్కడి పిల్లలకు మైళ్లు ఇంటి భాష, కిలోమీటర్లు అమ్మమ్మ ఊరి భాష. మార్పిడి లెక్కకు వేరే సాకు వెతకక్కర్లేదు.

4. లెక్క కంటే ముందు అంచనా, అదీ పెన్నుతో

"బండికి ఎన్ని రోజులు పట్టొచ్చు?" అని అడిగి కాగితం పైన కుడి మూలలో పెన్నుతో రాయించండి. పెన్సిల్ ఇస్తే అసలు జవాబు వచ్చాక చెరిపి మార్చేస్తారు, అప్పుడు అంచనాకు అర్థం లేదు. అంచనా తప్పయితే మార్కులు పోవని గట్టిగా చెప్పండి. మొదటి వారం ఒకడు "నెల" అని రాస్తాడు, ఇంకొకడు "రెండు రోజులు" అని రాస్తాడు. మూడో వారానికి దగ్గర పడతాయి.

5. గీత గీయించి, అప్పుడు భాగించనివ్వండి

అడ్డంగా ఒక గీత. ఒక చివర హైదరాబాద్, ఇంకో చివర విజయవాడ. 25, 50, 75 అని గంతులు పెట్టుకుంటూ పోవాలి. ప్రతి గంతూ ఒక రోజు. పదో గంతుకు 250 దగ్గర ఆగుతారు. ఇంకా 20 మిగిలింది. ఇప్పుడు భాగించమనండి. 270ని 25తో భాగిస్తే 10.8.

ఇక్కడ ఆగండి, తొందరపడకండి. "10.8 రోజులంటే ఎంత?" అని అడిగితే సగం క్లాసు "10 రోజుల 8 గంటలు" అంటుంది. గీత చూపించండి. మిగిలిన 20 కిలోమీటర్లు పదకొండో రోజు నడకలో ఒక భాగం. బండి రోజుకు ఏడు గంటలే నడుస్తుంది కాబట్టి 0.8 అంటే ఏడు గంటల్లో 0.8 వంతు, 5.6 గంటలు. దాన్ని మళ్లీ "5 గంటల 6 నిమిషాలు" అని రాస్తారు, చూడండి. 0.6 గంట అంటే 36 నిమిషాలు. ఒకే జవాబులో దశాంశం రెండుసార్లు కాటేస్తుంది. ఈ ఒక్క లెక్క మీద పీరియడంతా పోయినా నాకు బాధ లేదు.

దూరం, వేగం, కాలం రాసి వేలితో మూసి చూసే త్రిభుజం బొమ్మ ఉంటుందే, దాన్ని ఈ దశలో చూపించకండి. చూపిస్తే గీత గీయడం మానేస్తారు. అన్నీ అయ్యాక, పరీక్షల ముందు చూపించండి.

6. "ఎన్ని రెట్లు?" అని అడగండి, "ఏ గంటలు?" అని అడిగేదాకా ఆగండి

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. వివరాలు బోర్డు మీద రాయండి.

ఎడ్లబండి: పొద్దున 5కు కడితే 9 దాకా నడక. ఎండ ముదరగానే చెట్టు కింద విప్పేస్తారు. మళ్లీ మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. మొత్తం 7 గంటలు, 25 కిలోమీటర్లు.

కారు: నాలుగున్నర గంటల నడక, సగటున గంటకు 60. దారిలో టీకి అరగంట. మొత్తం 5 గంటలు.

ప్రశ్న: కారులో కంటే బండిలో ఎన్ని రెట్ల సమయం పట్టింది?

కొందరు 10.8ని 24తో గుణించి 259 గంటలంటారు. కొందరు 11ను గుణించి 264 అంటారు. ఇంకొందరు ఎడ్లు నడిచిన గంటలే తీసుకుంటారు: 10.8 × 7 = 75.6, దాన్ని 4.5తో భాగిస్తే 16.8, అంటే దాదాపు 17 రెట్లు. ఎవరు రైటు?

చక్రం తిరిగిన గంటలతో చక్రం తిరిగిన గంటలు పోలిస్తే 17 రెట్లు రైటే. ఇంటి నుంచి ఇంటికి పట్టిన కాలం కావాలంటే రాత్రుళ్లు, మధ్యాహ్నం నిద్ర, ఎడ్ల మేత అన్నీ కలపాలి. మొదటి రోజు పొద్దున 5 నుంచి పదకొండో రోజు పొద్దున 5కు సరిగ్గా పది రోజులు, 240 గంటలు. ఆఖరి రోజు 5.6 గంటల నడక: పొద్దున నాలుగు గంటలు, మధ్యాహ్నం 2 తర్వాత ఇంకో గంటా 36 నిమిషాలు. చేరేసరికి 3 గంటల 36 నిమిషాలు. అంటే ఆ రోజు 10 గంటల 36 నిమిషాలు కలిశాయి. మొత్తం 250 గంటల పైచిలుకు. కారు 5 గంటలతో భాగిస్తే 50 రెట్లు.

ఒకే ప్రయాణం, 17 రెట్లు ఒకటి, 50 రెట్లు ఒకటి. రెండూ రైటే, ప్రశ్నలు వేరు. బండి నడిచిన గంటల్ని కారు మొత్తం గంటలతో పోలిస్తేనే తప్పు. నా లెక్క ప్రకారం పిల్లవాడు "సార్, ఏ గంటలు అడుగుతున్నారు?" అని లేచి అడిగిన రోజు పద సమస్యలు వచ్చేసినట్టే.

ఇక్కడే ఇంకో ముల్లు: "11 రోజుల ప్రయాణంలో ఎన్ని రాత్రులు దారిలో పడుకున్నారు?" పది. పదకొండు అనేవాళ్లకు గీత మీద రాత్రుళ్లను చుక్కలుగా పెట్టించండి. అలాగే "ఎంత ఎక్కువ" అంటే తీసివేత, 245 గంటలు. "ఎన్ని రెట్లు" అంటే భాగాహారం, 50. ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కనే అడగండి.

ఎనిమిదో తరగతికైతే ఒక నిజమైన ప్రయాణం ఇవ్వండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట ఇంకొకరి భాషలో చెప్పే ఉద్యోగిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న పల్లకీలో కాశీకి బయల్దేరాడు. తిరుపతి, కడప, హైదరాబాద్, నాగపూర్ మీదుగా వెళ్లి, తూర్పు తీరం వెంట తిరిగొచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. మజిలీ మజిలీకి ఏం చూశాడో రాసుకుంటూ పోయాడు కాబట్టే ఆ తేదీలు మనకు మిగిలాయి. ఎన్ని రోజులు? మే 18 నుంచి మరుసటి మే 18కి 365. అక్కణ్నించి ఆగస్టు 18కి 92. సెప్టెంబరు 3కి ఇంకో 16. మొత్తం 473. బయల్దేరిన రోజు, చేరిన రోజు రెండూ లెక్కపెడితే 474. నెలకు 30 చొప్పున వేసేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. తర్వాత అడగండి: "ఆయన తిరిగిన మొత్తం దూరాన్ని 473తో భాగిస్తే బోయీలు రోజుకు నడిచిన దూరం వస్తుందా?" రాదు. కాశీలాంటి చోట్ల ఆగిన రోజులు కూడా అందులోనే ఉన్నాయి. మజిలీ రోజులు వేరు, నడక రోజులు వేరు.

7. సంక్రాంతి లెక్క

సగటు వేగం చెప్పడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు. పండక్కి హైదరాబాద్ మొత్తం ఈ రోడ్డు మీదే ఉంటుంది. టోల్‌గేటు ముందు బారులు తీరిన కార్లు పిల్లలందరూ చూసినవే. వెళ్లేటప్పుడు సగటున గంటకు 30 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 60. రానూపోనూ సగటు వేగం ఎంత?

అందరూ 45 అంటారు. అననివ్వండి. తర్వాత గంటలు వేయించండి: వెళ్లడానికి 9, రావడానికి నాలుగున్నర, మొత్తం 13.5 గంటల్లో 540 కిలోమీటర్లు. భాగిస్తే 40. "45 ఎందుకు కాలేదు?" అన్న ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి. "నిదానంగా పోయిన రోడ్డు మీదే ఎక్కువసేపు కూర్చున్నాం కదా సార్" అని ఎవరో ఒకరు అంటారు. అనకపోతే మర్నాటి దాకా వదిలేయండి.

విలోమ అనుపాతం, అంటే ఒకటి ఎన్ని రెట్లు పెరిగితే రెండోది అన్ని రెట్లు తగ్గడం, కూడా ఇక్కడే చెప్పేయొచ్చు. 270 కిలోమీటర్లకు గంటకు 60 అయితే 4 గంటల 30 నిమిషాలు. 80 అయితే 3 గంటల 22న్నర నిమిషాలు. 100 అయితే 2 గంటల 42, 120 అయితే 2 గంటల 15. మొదటి 20 పెంచితే 67న్నర నిమిషాలు మిగిలాయి, ఆఖరి 20కి 27 నిమిషాలే. కారు నడిపే నాన్నలకు కూడా ఈ లెక్క చూపించమని పిల్లలకు చెబుతుంటాను.

8. గ్రాఫు మీద ఎడ్లు

అడ్డంగా కాలం, నిలువుగా దూరం. బండి మొదటి రెండు రోజులు చాలు. గీత మెట్ల లాగా వస్తుంది: పొద్దున ఎక్కుతుంది, మధ్యాహ్నం చదునవుతుంది, మళ్లీ ఎక్కుతుంది, రాత్రంతా చదును. చదునుగా ఉన్న చోట వేలు పెట్టి "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని అడగండి. "ఎడ్లు గడ్డి తింటున్నాయి సార్" అంటే గ్రాఫు చదవడం వచ్చినట్టే. "బండి చదునైన రోడ్డు మీద పోతోంది" అన్నారంటే గ్రాఫును రోడ్డు బొమ్మ అనుకుంటున్నారు. ఇది చాలా మామూలు పొరపాటు. అప్పుడు నిలువు అంకె చూపించి "దూరం పెరిగిందా?" అని అడగండి.

అదే కాగితం మీద కారు గీత వేస్తే దాదాపు నిటారుగా లేస్తుంది. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఆ రోజు కారు గీత ఎలా ఉంటుందో గీయమనండి. ఏరు తీసేదాకా బండి కట్ట మీద ఆగిన పాతకాలం గీతకూ దీనికీ పోలిక పిల్లలే పట్టేస్తారు.

డబ్బు లెక్క చేయాలంటే

1957కు ముందు రూపాయికి 16 అణాలు. మార్పిడి సాధనకు మంచిదే. కానీ "అప్పుడు టికెట్టు రెండు రూపాయలు, ఇప్పుడు నాలుగొందలు, 200 రెట్లు పెరిగింది" అని ఆపేస్తే పోలిక సగమే. పెద్దాయన్ని టికెట్టుతో పాటు ఆనాటి రోజు కూలి కూడా అడగమనండి. టికెట్టుకు ఎన్ని రోజుల కూలి పోయేదో అప్పటికీ ఇప్పటికీ తీస్తే నిష్పత్తి అంటే ఏమిటో అర్థమవుతుంది. ఇప్పటి అంకె ఇవ్వాళ్టి టికెట్టు చూసి వేసుకోండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబును అంకెగా వదలనివ్వకండి. పూర్తి వాక్యంగా, గట్టిగా చదవాలి: "ఎడ్లబండి హైదరాబాద్ నుంచి విజయవాడకు పదకొండో రోజు సాయంత్రం చేరుతుంది." 6,750 రోజులని ఎవరూ వాక్యంగా చదవలేరు, మధ్యలోనే నవ్వొస్తుంది. తర్వాత మూలలో పెన్నుతో రాసిన అంచనాతో పోల్చాలి. పదింతలు తేడా ఉంటే ఒకటి తప్పు, ఏదో వాళ్లే వెతకాలి. చివరగా వెనక్కి గుణించి 270 వస్తుందో లేదో చూడాలి.

ఇంకో చిన్న ఉచ్చు. మధ్యలో ఎప్పుడో, చెప్పాపెట్టకుండా ఈ ప్రశ్న పెట్టండి: "బండికి రెండు ఎడ్లు. రోజుకు 25 కిలోమీటర్లు నడుస్తాయి. బండివాడి వయసెంత?" ఏటా నలుగురైదుగురు 50 అని రాస్తారు. తిట్టకండి. వాళ్లకు మళ్లీ మొదటి మెట్టు నుంచి, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి. "చెప్పలేం" అని రాసినవాళ్లకు ముందుకెళ్లొచ్చు.

మీకు కుదరకపోతే

ఇంట్లో పెద్దవాళ్లు లేకపోతే రిటైరైన బస్సు కండక్టరు దొరికితే అదృష్టం, టైములన్నీ నోటికి చెబుతారు. మ్యాపు లేకపోతే దారాన్ని పాఠ్యపుస్తకంలోని రాష్ట్ర పటం మీద రోడ్డు వంపుల వెంట పరిచి, స్కేలుతో కొలిచి, పటం కొలమానంతో గుణించండి. నేరుగా స్కేలు పెట్టి కొలిస్తే దూరం తక్కువొస్తుంది, ఎందుకో అడగండి. నాలుగు, ఐదు తరగతులకు దశాంశాలు వద్దు. 270 బదులు 250 తీసుకుంటే పది గంతుల్లో అయిపోతుంది. తొమ్మిది, పది వాళ్లకు ఆరో మెట్టు నుంచి మొదలుపెట్టినా చాలు.

9. ఆఖరి పీరియడ్: సమస్య వాళ్లనే రాయమనండి

మీరు అంకెలు ఇవ్వకండి. ఇంట్లో అడిగి తెచ్చిన అప్పటి ప్రయాణం ఒకటి, ఇప్పటిది ఒకటి. సమస్య రాసి, అంచనా రాసి, జవాబు తీసి, పక్కవాళ్లకు ఇచ్చి చేయించాలి. పక్కవాడికి అర్థం కాకపోతే రాసినవాళ్లే సరిదిద్దాలి.

పోయిన ఏడాది ఒక అమ్మాయి ఇలా రాసింది. "మా నాయనమ్మ పుట్టింటికి మూడు క్రోసులు నడిచిపోయేది. రెండున్నర గంటలు పట్టేదంట. ఇప్పుడు ఆటోలో 20 నిమిషాలు. కానీ ఆటో నిండడానికి 40 నిమిషాలు పడుతుంది. ఆటో ఎన్ని రెట్లు నయం?" ఎవరూ చెప్పకుండానే రెండు జవాబులూ వేసింది: చక్రం తిరిగిన కాలమైతే ఏడున్నర రెట్లు, మొత్తం కాలమైతే రెండున్నర రెట్లు. కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: "పది మంది ఎక్కకపోతే నాయనమ్మే ముందు చేరుతుంది."